రెండు నిమిషాలకొక సందెపొద్దు

పొద్దున నా చేతి ఇడ్లీలు తిని లోపలికి పోయిన మా చెల్లెలు మధ్యాహ్నం అన్నాల వేళకు బయటికి వచ్చింది. పోయేటప్పుడు చెవుల దాకా కత్తిరించుకున్న జుట్టు వచ్చేటప్పటికి మెడ మీదికి జారింది. నేను కట్టిచ్చిన ఐదు నెలల బియ్యం, కందిబేడలు, ఊరగాయ జాడీలు అన్నీ ఖాళీ. గడప దాటగానే అది అడిగిన మొదటి మాట, "కుందన అన్నం తినిందా అక్కా?"

"పొద్దున నువ్వు పెట్టిన ఇడ్లీ ఇంకా అరగనే లేదు దానికి. నీకేమో ఐదు నెలలు అయిపోయినాయి" అన్నాను. అది గోడకు చేరగిలబడి నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. ఎన్నిసార్లు చూసినా అంతే.

నా పేరు హేమావతి. మదనపల్లె పైన కొండవాలులో ఉన్న మొక్కల పరిశోధన కేంద్రంలో మెస్సు నడుపుతాను. నాకు నోరు పెద్దదంటారు. మెస్సు నడిపే మనిషికి నోరు చిన్నదైతే గిన్నెలు కూడా మిగలవు. మా చెల్లెలు మునిరత్న అదే కేంద్రంలో మిరపజాతుల మీద పనిచేసే సైంటిస్టు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. దానికి జడవేసి, పలక చేతికిచ్చి బడికి తోలింది నేనే. దాని కూతురు కుందనకు ఆరేళ్ళు. కుందన నాయన సంగతి అడగొద్దు. ఆయన వేరే కాపురం చూసుకున్నాడు, ఆయన్ని ఈ కథలోకి పిలిచి పీట వేసే ఓపిక నాకు లేదు. మేం ముగ్గురం కేంద్రం క్వార్టర్సులో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం.

మునిరత్న పోయి వచ్చే గదిని కట్టింది మా కేంద్రంలోనే పనిచేసే ఇస్మాయిల్ సారు. పావు ఎకరా గది, లోపల ఎండలాంటి దీపాలు, నీళ్ళ తొట్టి, మట్టి మళ్ళు. బయట గంట గడిస్తే లోపల నెల గడుస్తుంది. ఎందుకలా అవుతుందో సారు బోర్డు మీద గీతలు గీసి చెప్పాడు, నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. నాకు అర్థమైంది ఆవకాయతో. ఆ వేసవిలో నేను అప్పుడే కలిపిన జాడీ ఒకటి అడిగి తీసుకుని, లోపల పెట్టి తలుపు వేశాడు. అందరం టీ తాగాం. నేను గ్లాసులు కడిగి, పొయ్యి తుడిచి వచ్చేసరికి గంటయింది. సారు తలుపు తీసి జాడీ నా చేతికిచ్చాడు. ముక్క మెత్తబడింది, నూనె పైకి తేలింది, నెల ఊరిన వాసన గుప్పుమంది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. గంట క్రితం కలిపిన చేతికి ఆవపిండి ఘాటు ఇంకా వదల్లేదు. గుళ్ళో గర్భగుడి ముందు నిలబడినప్పుడు కూడా నాకంత భయభక్తులు కలగలేదు.

గదికి ఒక పట్టింపు ఉంది. తలుపు తీస్తే లోపలి కాలం, బయటి కాలం ఢీకొంటాయి. ఆ దెబ్బకు వేరున్న మొక్క నిలువునా మాడిపోతుంది. ఎండిన గింజ, కోసిన కాయ తట్టుకుంటాయి. మనిషికైతే కాసేపు చలిజ్వరం వచ్చి పోతుంది. అందుకని మధ్యలో తలుపు తీయడానికి లేదు. విత్తు వేసిన మనిషి ఆ పంట కాసి, గింజ ఎండేదాకా ఐదు నెలలు లోపలే ఉండాలి. ఆ ఐదు నెలలూ ఆ మనిషి ఆయుష్షులోంచే పోతాయి. మిషన్లు పెట్టి చూశారు. పుప్పొడి అద్దే మిషను మొగ్గలన్నీ నలిపేసింది. మిరప రుచి చూసే మిషను ఇంకా పుట్టలేదు.

తలుపు మీద ఒక చిన్న బల్బు పెట్టారు. లోపలున్న మనిషి క్షేమమని తెలియడానికి రోజుకొకసారి మీట నొక్కాలి. మునిరత్న రోజూ తన సందెవేళ నొక్కేది. "ఇంట్లో అయితే దీపం పెడతాం కదక్కా, అట్లే" అనేది. దాని ఒక రోజు మాకు రెండు నిమిషాలు. అది లోపలుంటే బల్బు రెండు నిమిషాలకొకసారి మిణుకుమనేది. నేను కూరగాయలు తరుగుతూ ఆ తలుపు ఎదురుగా కూర్చునేదాన్ని. నా ఒక్క గుమ్మడికాయ ముక్కలయ్యేలోగా దానికి వారం పొద్దులు గూకేవి.

ఇంత అఘాయిత్యం ఎందుకంటే, కుందన కోసం.

ఆ పిల్లకు సందె పడితే కళ్ళు కనిపించేవి కావు. గడప తట్టుకుని పడుతుంటే మొదట అల్లరనుకున్నాం. తిరుపతి డాక్టరమ్మ చూసి, కంటి వెనకపొర అంచుల నుంచి ఎండిపోతోందని, ఏడాది తిరిగేలోగా మొత్తం చీకటైపోతుందని చెప్పింది. మందు లేదంది. నిజానికి ఉంది, తినేలా లేదు. మా కొండ వెనక గుట్టల్లో పిట్టలు తిని విత్తు వేసే అడవి మిరప ఒకటుంది, గోరంత కాయ. దాని రసానికి ఆ ఎండుడును ఆపే గుణం ఉందని మా కేంద్రమే కనిపెట్టింది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలుస్తుంది. కానీ ఆ కాయను ఉడికిస్తే గుణం పోతుంది, ఎండబెడితే పోతుంది, మాత్ర చేస్తే పోతుంది. రోజూ పిడికెడు పచ్చిగా తినాలి. రాయలసీమ నాలుక, నాకేం అవుతుందిలే అని నేనొకటి కొరికాను. అరగంట మాట రాలేదు. మా కేంద్రంలో అందరూ ఆ అరగంటను ఇప్పటికీ ఆనందంగా తలుచుకుంటారు. ఆరేళ్ళ పిల్ల పిడికెడు ఎలా తింటుంది?

"ఆ గుణాన్ని బెంగుళూరు మిరపలోకి తెస్తానక్కా" అంది మునిరత్న. బెంగుళూరు మిరపంటే క్యాప్సికం, కారం లేని మిరప. మాగితే పిల్లలు పండులాగా కొరుక్కుని తినొచ్చు. మామూలుగా అయితే పదేళ్ళ పని. పిల్ల దగ్గర ఏడాది కూడా లేదు. గది ఉంది.

పని ఎలా చేసేదో నాకోసారి చూపించింది. రేపు విచ్చుతుందనగా మొగ్గను పట్టకారుతో తెరిచి, లోపలి పుప్పొడి తిత్తుల్ని ఒక్కొక్కటే ఏరి తీసేసింది. అప్పుడు అడవి మిరప పుప్పొడిని సన్న బ్రష్షుతో అద్ది, మొగ్గ మెడకు ఎర్రదారం కట్టింది. "పెండ్లి అయిపోయింది" అంది. అంత చిన్న మొగ్గలో అంత పెద్ద సంగతి పెట్టిన దేవుడెవరో గాని, వేలికొసలు వణక్కుండా ఆ పని చేసే మా చెల్లెల్ని చూస్తే నాకు గర్వం పొంగుకొచ్చింది.

ఆ పెండ్లి బిడ్డను కొరికితే మాత్రం నోరు మండిపోయింది. "ఏమ్మే, అంత లావు తీపి మిరపను తల్లిని చేస్తే బిడ్డ ఇట్ల పుట్టిందేం? తీపి యాడికి పోయింది?" అని కేకలేశాను.

"యాడికీ పోలేదుక్కా. దాక్కోనుండాది. కారం ఇంట్లో ఉంటే తీపి నోరెత్తదు. దీని గింజలు మళ్ళా నాటితే మనవళ్ళలో నలుగురిలో ఒకరికి బయటికొస్తాది, చూడు."

రెండో కాపులో నిజంగానే వచ్చింది! నేను కొరికి కన్నీళ్ళు పెట్టుకున్న కాయ గింజల్లోంచి చెరకుముక్కలాంటి కాయ. లేదనుకున్నది లేకుండా పోలేదు, ఒక తరం గమ్మున కూర్చుని లేచింది. మా అవ్వకు తేనె రంగు కళ్ళు. మా అమ్మకు రాలేదు, మాకిద్దరికీ రాలేదు. కుందన పుట్టి కళ్ళు తెరిస్తే అవే తేనె కళ్ళు. ఆ మాటే సంబరంగా అన్నాను. మునిరత్న ముఖం చిన్నబోయింది.

"అవ్వ వాళ్ళన్న చిన్న వయసులోనే గుడ్డోడైపోయినాడు, తెలుసు కదా. తీపి దాక్కున్నట్టే చీకటి కూడా దాక్కునింది అక్కా, మన రక్తంలో. కుందన నాయన వైపు కూడా ఉండుంటాది. రెండూ కలిసి పిల్ల కళ్ళల్లో బయటపడినాయి."

ఒకే కట్టుబాటు మిరపకు తీపినిచ్చింది, మా పిల్లకు చీకటినిచ్చింది. దాన్ని తిట్టాలో దండం పెట్టాలో నాకు ఈ రోజుకీ తెలియదు.

తీపి వచ్చింది గాని మందు పోయింది. మందు, కారం ఒకే కొమ్మ మీది రెండు పిట్టలు, ఒకదాన్ని తోలితే రెండోదీ ఎగిరిపోతుందని మునిరత్న చెప్పింది. వేల మొక్కల్లో ఎక్కడో ఒకదానిలో ఆ జంట విడిపోతుంది. ఆ మొక్కను పట్టాలి. పట్టడానికి రెండు పరీక్షలు. రసం చుక్క వేస్తే సారు ఇచ్చిన కాగితం నీలం తిరగాలి, అప్పుడు మందు ఉన్నట్టు. కాయ కొరికితే నాలుకకు కారం తగలకూడదు. కాగితం, నాలుక. ఇంతే.

ఆదివారం ఆదివారం అది లోపలికి పోయి వచ్చేది. వేసవి దాటింది, వానలు పడ్డాయి. నాకు ఆ వానలు ఒక్క కాలం, దానికి ఏళ్ళు. ఒకరోజు పసుపు రంగు కాయ పట్టుకుని బయటికి పరిగెత్తుకొచ్చింది. కాగితం నీలం! నేను కొరికాను, "తీపి!" సారు కొరికాడు, "చక్కెర!" గేటు కాపలాదారు నుంచి డైరెక్టరు దాకా అందరం తలా ముక్క తిన్నాం. సారు అప్పటికప్పుడు ఆ రకానికి కుందన పేరు పెట్టి, పెయింటరును పిలిపించి బోర్డు కూడా రాయించాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

కుందనను తీసుకొచ్చి కాయ చేతికిచ్చాం. కొరికింది. రెండుసార్లు నమిలింది. నాలుక బయటపెట్టి, "కారం! కారం పెద్దమ్మా!" అని గుక్కపట్టి ఏడ్చింది. నేను చక్కెర నోట్లో పోస్తుంటే సారు ఇంకో ముక్క కొరికి, "నాకేం తగలడం లేదే!" అన్నాడు.

ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. పొద్దున ఊరిబిండి, మధ్యాహ్నం గొడ్డుకారం, రాత్రి ఆవకాయ తినే నాలుకలు మావి. ఆ రవ్వంత కారం మాకు కారమే కాదు. లోపల మునిరత్న కూడా నా జాడీలు నాకుతూ, ఆ నాలుకతోనే కాయలు రుచి చూసింది. మూడు కాపులుగా అది తీపని ఏరి దారం కట్టినవన్నీ కారం మొక్కలే. లోకంలో ఇంకెవరూ చేయని తప్పు మా సీమవాళ్ళం చేశాం. ఏడాదికి పైగా దాని బతుకు బూడిదలో పోసిన పన్నీరయింది.

నేను ఇంటికి పోయి ఒక జాడీ నేలకేసి కొట్టాను. మునిరత్న వచ్చి పెంకులు ఏరుతూ, "జాడీ ఏం చేసిందక్కా. ఇంక నాకు చప్పిడి కూడు కట్టు" అంది. తిట్టుంటే బాగుండేది.

అప్పటినుంచి ఉప్పు తగలని పప్పు, మజ్జిగన్నం, ఉడికించిన గుమ్మడి. మిరపతో పుట్టి పెరిగిన మనిషి నెలల తరబడి ఆ తిండి తింటూ మిరపల మధ్య బతికింది. నేను ఆ మూటలు కడుతూ ఏడ్చేదాన్ని, ఈసారి కారానికి కాదు.

పిల్లకు చూపు సన్నబడుతూ వచ్చింది. పైపులోంచి చూసినట్టు చూసేది. ముద్ద ఎదురుగా పెడితే తినేది, పక్కనున్న నీళ్ళ చెంబు తన్నేసేది. ప్రతి ఆదివారం తల్లి లోపలికి పోతుంటే కాళ్ళు చుట్టుకుని వదిలేది కాదు. "అమ్మా, నీ గొంతు మారిపోతా ఉండాది" అనేది. ఒకరోజు ఆ పిల్లను విడిపించి, తలుపు దాకా పోయి, మునిరత్న వెనక్కి వచ్చేసింది.

"కాళ్ళు రావడం లేదుక్కా. లోపల ఉన్నప్పుడు ఉండగలను. బయటికొచ్చి దీని ముఖం చూసినాక మళ్ళా పోయే గుండె నాకు లేదు."

"అయితే మానేయ్. పిల్లకు చూపు మిగిలి, చూసేదానికి తల్లి లేకపోతే ఆ చూపెందుకే?" అన్నాను.

"మానేస్తే?" అంది. ఇంత నోరున్న నేను కుందనను ఎత్తుకుని ఇంట్లోకి పోయాను.

వినాయక చవితి పోయాక ఆదివారం. రాగులు పిండి పట్టించొద్దు, గింజలే ఇమ్మంది. చెనిక్కాయలు కూడా వలవకుండా అట్లే ఇమ్మంది. చప్పిడి తిండితో మతి పోయిందనుకుని ఇచ్చాను. పోతూ పోతూ కుందన జడ ముడి వేసిన ఎర్ర రిబ్బను విప్పి తన చేతికి చుట్టుకుంది.

ఆ మధ్యాహ్నం తలుపు తెరుచుకోలేదు.

అన్నం చల్లారింది. సారు గడియారం చూసుకుంటూ, "తలుపు ఇరుక్కుందేమో" అన్నాడు. బల్బు మాత్రం రెండు నిమిషాలకొకసారి మిణుకుమంటూనే ఉంది. అప్పుడు నాకు తట్టింది. కొన్ని వారాలుగా బియ్యం సంచులు ఖాళీవి కూడా తిరిగి రావడం లేదు. అది ప్రతిసారీ ఎముకలు తేలి రావడం కూడా చూశాను. సగం తిని సగం దాచిపెట్టింది. రాగులు తినడానికి కాదు, నాటడానికి.

"సారూ, అది ఇరుక్కోలేదు. లోపల కాపురం పెట్టింది. మొక్క దొరికేదాకా రాదు" అన్నాను.

సారు అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. బలవంతంగా తలుపు తీయొచ్చు, బయటి మీట ఆయన చేతిలోనే ఉంది. తీస్తే లోపలి మొక్కలన్నీ మాడతాయి, అది ఇన్నేళ్ళు పోసిన ప్రాణం మాడుతుంది. తీయకపోతే గంటకో నెల. ఆయన కాఫీ తాగడానికి పోయి వచ్చేలోగా దానికి వారం. మేం వాదులాడుకున్న సాయంత్రం దానికి ఒక చలికాలం. అది తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకమని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసి కూడా తలుపు మీద పిడికిళ్ళతో బాదాను. నా ఒక్కొక్క దెబ్బ లోపల ఎంత సాగిపోయి వినిపించి ఉంటుందో, అసలు వినిపించిందో లేదో.

చాప తెచ్చుకుని తలుపు ఎదురుగా కూర్చున్నాను. కుందన నా ఒళ్ళో కూర్చుంది. బల్బు దానికి కనిపించేది కాదు. అది వెలిగినప్పుడల్లా నేను దాని చెయ్యి నొక్కేదాన్ని. "అమ్మ దీపం పెట్టింది" అనేది. కాసేపటికి మళ్ళీ నొక్కేదాన్ని. "అబ్బా, మళ్ళా రాత్రయిపోయిందా అమ్మకు!" అని నవ్వేది. ఆ నవ్వు మధ్యలో, ఆ చిన్న వెలుగు మధ్యలో, మా చెల్లెలు ఒంటరిగా లేచి, నీళ్ళు తోడి, సంగటి కెలుక్కుని, వేల మొక్కల మధ్య నడిచి, కాయలు కొరికి ఉమ్మి, మళ్ళీ దీపం పెట్టి పడుకునేది. ఒక మనిషి రోజు మొత్తం నా ఎదుట ఒక మిణుకులో అయిపోయేది. నేను మెస్సు మరిచిపోయాను, ఆకలి మరిచిపోయాను. కళ్ళు కాయలు కాచేలా చూస్తూ ఉండిపోయాను.

రెండో రోజు మధ్యాహ్నం బల్బు వెలగలేదు.

తప్పి ఉంటుందిలే అనుకున్నాను. ఇంకో రెండు నిమిషాలు. వెలగలేదు. ఇంకో రెండు. సారు లేచి నిలబడ్డాడు. "మూడు రోజులు" అన్నాడు. ఇంకా వెలగలేదు. జ్వరమో, పామో, కాలు జారి తొట్టిలో పడిందో. లోపల మంచినీళ్ళు ఇచ్చే దిక్కు లేదు. కుందన తల ఎత్తి, "పెద్దమ్మా, చెయ్యి నొక్కడం మానేసినావే?" అంది.

"మీట లాగండి సారూ! మొక్కలు పోతే పోనీ, నా చెల్లెల్ని బయటికి తియ్యండి!" అని అరిచాను. ఆయన చెయ్యి మీట మీదికి పోయింది. అక్కడే ఆగింది. ఆ ఆగడం కూడా లోపల ఒక పూట.

బల్బు వెలిగింది. ఎప్పటిలా మిణుకుమని ఆరిపోలేదు, కాసేపు వెలుగుతూనే ఉంది. లోపల అది ఎంతసేపు ఆ మీట మీద చెయ్యి పెట్టుకుని నిలబడిందో! నేను కుందన చేతిని ముద్దు పెట్టుకుని బోరుమన్నాను. "దీపం పెట్టింది కదా, ఏడుస్తావెందుకు?" అని పిల్ల నన్ను కోప్పడింది.

బుధవారం సాయంత్రం, కొండ మీద ఎండ పల్చబడుతుండగా తలుపు గొళ్ళెం కదిలింది.

బయటికి వచ్చిన మనిషిని నేను ఒక క్షణం గుర్తుపట్టలేదు. మా అమ్మ అనుకున్నాను. ముందువైపు జుట్టంతా నెరిసింది. బుగ్గలు లోపలికి పోయాయి. ఒంటి మీద గోనెసంచి కత్తిరించి కుట్టుకున్న చొక్కా. కళ్ళు మాత్రం దానివే. చలిజ్వరానికి పళ్ళు కటకటలాడుతుంటే తలుపు పట్టుకుని నిలబడింది. మాట్లాడబోయి ఆగింది. ఆరేళ్ళు మొక్కలతో తప్ప మనుషులతో మాట్లాడని గొంతు అది. చివరికి, "కుందన అన్నం తినిందా అక్కా?" అంది.

నేను దాన్ని కొట్టబోయి కౌగిలించుకున్నాను.

పిల్లకు ఆ మసక వెలుతురులో ముఖం కనిపించలేదు. గొంతు విని పరిగెత్తి, గోడకు గుద్దుకుని, మళ్ళీ లేచి కాళ్ళు చుట్టుకుంది. మునిరత్న వంగి దాని ముఖం చేతుల్లోకి తీసుకుని అట్లాగే ఉండిపోయింది. "మరిచిపోతానేమోనని భయపడినా అక్కా. రోజూ గుర్తు తెచ్చుకుంటా ఉన్నా. రవ్వంత కూడా మారలేదు ఇది. ముందరి పన్ను కూడా అట్లే ఊగుతా ఉండాది" అంది. పిల్లకు మూడు రోజులు, తల్లికి ఆరేళ్ళు.

ఒడిలోంచి ఒక కాయ తీసింది. పిడికెడంత, ఎర్రగా మాగింది, తొడిమెకు ఏదో పోగు కట్టి ఉంది. సారు కాగితం మీద చుక్క వేస్తే నీలం తిరిగింది. ఈసారి ఎవరం కొరకలేదు. మా నాలుకల మీద మాకే నమ్మకం లేదు. కాయను కుందన చేతికిచ్చింది.

కుందన ముందు తొడిమె తడిమింది. "ఇది నా రిబ్బనే! నా రిబ్బను ఎందుకిట్ల పీలికలైపోయింది?" అంది. ఎరుపంతా పోయి తెల్లబడ్డ పోగు అది. తర్వాత కొరికింది. నమిలింది. మునిరత్న కళ్ళు మూసుకుంది. పిల్ల మింగి, ఇంకోసారి కొరికి, నోరు నిండా పెట్టుకుని, "తియ్యగుండాది. ఇంకోటి ఇయ్యి" అంది.

ఇస్మాయిల్ సారు పక్కకు తిరిగి జేబురుమాలు తీసుకున్నాడు. ఆరేళ్ళ ఒంటరితనం, అంతకు ముందు ఐదారేళ్ళు, లెక్కలేనన్ని మొగ్గలు, ఆ పిల్ల నోట్లో ఒక ముక్కగా కరుగుతున్నాయి. నేను చేతులెత్తి దండం పెట్టాను. ఎవరికని అడగొద్దు. మిరపకో, మా చెల్లెలికో.

ఆ తర్వాత రోజూ పిడికెడు కాయ, అది లోపలి నుంచి కోసుకొచ్చి కేంద్రం చల్లగదిలో పెట్టించిన బుట్టల్లోంచి. సారు ఆ గదికి తాళం వేసి, తాళంచెవి ఎక్కడో పారేశాడు. మనుషుల్ని తినే గది చాలు, గింజ చేతిలో ఉంది, ఇంక మామూలు పొలంలో మామూలు ఎండకు పండిస్తానన్నాడు. దీపం తప్పిన ఆ రోజుల్లో జ్వరంతో లేవలేకపోయానని మునిరత్న తర్వాత చెప్పింది. దానికి బజారు రద్దీ భయమైంది, రాత్రి ఉలిక్కిపడి లేచి బల్బు మీట కోసం గోడ తడిమేది. ఇంకొక భయం కూడా దానికుండేది, నాకు మాత్రమే చెప్పింది. "వెలుతురులో నన్ను సరిగ్గా చూస్తే, ఇది మా అమ్మ కాదంటుందేమో అక్కా." అందుకని పగలు తలకు గుడ్డ కట్టుకునేది, పిల్లకు ఎదురుగా కాకుండా పక్కన కూర్చునేది. దాని పక్కచూపు పోయిందని తల్లికి తెలుసు.

దీపావళి దాటాక తిరుపతి పోయాం. డాక్టరమ్మ యంత్రాల్లో చూసింది, మళ్ళీ చూసింది, పాత ఫిల్ము పక్కన పెట్టి చూసింది. "ఆగిపోయింది" అంది. ఎండుడు ఎక్కడుందో అక్కడే ఆగింది. మిగిలిన చూపు మిగిలినట్టే.

బయటికి వచ్చి బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాం. మధ్యాహ్నం ఎండ. గాలికి మునిరత్న తల గుడ్డ జారింది. కట్టుకోబోయి ఆగింది, గుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుంది. కుందన లేచి మా ఎదురుగా నిలబడింది. పైపులోంచి చూసినట్టే తల కొంచెం అటూ ఇటూ తిప్పుతూ ముందు తల్లి ముఖం చూసింది, తర్వాత నా ముఖం చూసింది, మళ్ళీ తల్లిని చూసింది.

"పెద్దమ్మా" అంది పిల్ల, గట్టిగా ఆలోచిస్తూ. "అమ్మకు తెల్లెంటికలుండాయి. నీకు లేవు. అమ్మ నీకంటే పెద్దదైపోయింది కదా. అంటే ఇప్పుడు నువ్వు నాకు చిన్నమ్మవా?"

మునిరత్న జుట్టు మీద చెయ్యి వేసుకుంది. "యాడుండాయే తెల్లెంటికలు? చూపియ్" అంది.

పిల్ల దగ్గరికి రాలేదు, తడమలేదు. నిలబడ్డచోటి నుంచే వేలు చూపించింది. "అదో, చెవి పక్కన. ఇంకోటి నుదుటి మీద. అబ్బో, శానా ఉండాయి మా!"

"లెక్కపెట్టు" అని మా చెల్లెలు తల వంచింది. వంచిన తల కిందనుంచి కన్నీళ్ళు ఒళ్ళో పడుతున్నాయి, భుజాలు నవ్వుకు కదులుతున్నాయి. కుందన ఒకటి, రెండు అని మొదలుపెట్టింది. బడిలో నేర్చుకున్నంత దాకా పోయి, తప్పి, మళ్ళీ మొదటికొచ్చింది. అంతలో మదనపల్లె బస్సు వచ్చింది, జనం ఎక్కారు, కండక్టరు మా వైపు చూసి కేకేశాడు. మునిరత్న తల ఎత్తబోయింది.

"పోనీలే అక్కా, ఇంకో బస్సుండాది. లెక్క కానీ" అన్నాను.

ఇంటికి చేరేదాకా నేను దాన్ని ఏమని పిలిచానో నాకు తట్టనే లేదు.